మంచినీళ్ల మిషనూ, మా తాటి నీరా: సీజన్‌కి ముందు చేసుకున్న పనులు

సంక్రాంతి వెళ్లిపోయింది. మా ఎచ్చెర్ల వైపు తాటిచెట్లకి గెలలు తొంగి చూస్తున్నాయి. ఇంకో పది పదిహేను రోజుల్లో గీత మొదలవుతుంది. ఈలోపు తాటిబెల్లం పాక దగ్గర ఏమేం సిద్ధం చేసుకున్నామో రాద్దామని కూర్చున్నాను. కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

అయితే ముందు నిరుడు నేను చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే ఈ ఏడాది చేసిన పని అర్థం కాదు.

మీలో చాలామంది చూసే ఉంటారు, అమెరికాలో, కెనడాలో మేపుల్ చెట్టు రసంతో సిరప్ చేసే వీడియోలు. అక్కడ చలికాలం చివర, రాత్రి మంచు పడి పగలు కరిగే రోజుల్లో, చెట్టుకి చిన్న రంధ్రం పెట్టి రసం పడతారు. ఆ రసంలో తీపి నూటికి 2 పాళ్లే. నలభై లీటర్లు కాస్తే ఒక్క లీటరు సిరప్ వస్తుంది. అంత నీరు కట్టెల మీద ఎగరగొట్టాలంటే ఎవరి వల్ల అవుతుంది చెప్పండి? అందుకని వాళ్లు ముందు ఆర్.ఓ. మిషన్లో పోస్తారు. 2 శాతం రసం 8 శాతం అయి బయటికి వస్తుంది. అంటే నాలుగింట మూడొంతుల నీరు పొయ్యి ఎక్కకుండానే పోతుంది. ఇంట్లో చేసుకునే చిన్న రైతులైతే వంటింటి ఆర్.ఓ. సామానుతోనే మిషన్ కట్టేసుకుంటున్నారు.

మన జిల్లాలో ఆర్.ఓ. అంటే ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బుల పుణ్యమా అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆర్.ఓ. అంటే ఇరవై లీటర్ల క్యాను. మనం వడబోసిన నీళ్లు తాగుతాం, మిగిలిన ఉప్పునీళ్లు కాలవలోకి వదిలేస్తాం. మేపుల్ రైతు దీన్ని తిరగేశాడు. వడబోసిన నీళ్లు వదిలేస్తాడు, మిగిలినది ఉంచుకుంటాడు. ఆ మిగిలినదాంట్లోనే తీపి అంతా ఉంటుంది.

ఇది చూసి నాకు నిద్ర పట్టలేదండి. తాటి నీరా కూడా చెట్టు రసమే కదా, మనమెందుకు చెయ్యకూడదు అనుకున్నాను. ఇంట్లో గోడకి తగిలించిన మంచినీళ్ల మిషన్ విప్పేశాను. పంపు, మెంబ్రేన్ తీసి పాకలో బిగించాను. మార్చి నెల, నీరా బాగా పడుతున్న రోజులు. ఒక పొద్దుట దిగిన 40 లీటర్లూ డ్రమ్ములో పోసి స్విచ్ వేశాను.

నీళ్లు వెళ్లాల్సిన గొట్టంలోంచి చుక్క రాలేదు. అరగంట చూశాను. వాల్వు తిప్పాను, గొట్టాలు మార్చాను. రెండు గంటలు గడిచాయి. ఈలోపు ఎండెక్కింది, నీరా నురగ కట్టింది, పులుపు వాసన వచ్చేసింది. పెనంలో పోసినా బెల్లం గడ్డ కట్టదని తెలిసి పారబోశాను. ఐదు కిలోల బెల్లం పోయింది.

పోయింది నాదొక్కడిదే అయితే ఈ కథ రాయను. చెట్లు నావి, పాక నాది. ఎక్కేది మా మావ. వరసకి మావ, రక్త సంబంధం కాదు. గీత లైసెన్సు ఉన్న మనిషి, అరవై దాటాయి. పద్నాలుగు చెట్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజుకి ఇరవై ఎనిమిది సార్లు ఎక్కి దిగుతాడు. ఒక్కో చెట్టు నలభై అడుగులకి తక్కువ లేదు. బెల్లంలో చెరి సగం. పొయ్యి దగ్గర కూర్చునేది మా అత్త. కొడుకు చెన్నైలో పని చేసుకుంటున్నాడు, చెట్టెక్కనన్నాడు.

ఆ రోజు మావ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దుట మోకు భుజానేసుకుని వచ్చి, చెట్టెక్కే ముందు నన్ను అడిగాడు.

"అల్లుడా, ఈ పొద్దు కూడా ఆ మిషన్లో పోస్తావేటి? అయితే ముందే సెప్పు, నాలుగు సెట్లే ఎక్కుతాను."

తిట్టినా బాగుండును. ఆ ఐదు కిలోల్లో ఆయన సగం నా వాటాలోంచి తీసిచ్చాను. తీసుకున్నాడు. కానీ ఆ మాట మాత్రం ఏడాదంతా నా చెవిలోనే ఉంది.

సీజన్ అయ్యాక అసలెందుకు పని చెయ్యలేదో తెలుసుకుందామని కూర్చున్నాను. చదివింది మన రైతు భాషలో చెబుతాను.

తీపి నీటికి ఒక గుణం ఉంది. అది నీటిని వదలదు, పట్టుకు కూర్చుంటుంది. పల్చటి పొరకి ఒకవైపు తీపినీరు, ఇంకోవైపు మంచినీరు పెడితే మంచినీరే తీపివైపు పోతుంది. మనం దాన్ని వెనక్కి రప్పించాలంటే ఆ పట్టుకంటే గట్టిగా తొయ్యాలి. ఎంత గట్టిగా అన్నది తీపిని బట్టి ఉంటుంది. బోరు లోతులాగా లెక్క వేసుకోండి. మేపుల్ రసం 2 శాతం తీపి, అది సుమారు 15 మీటర్ల లోతు బోరు లాంటిది. మన తాటి నీరా 12 శాతం, అది 100 మీటర్ల బోరు. నా వంటింటి మిషన్ పంపు తోసేది 50 మీటర్లే. వంద మీటర్ల బోరుకి యాభై మీటర్ల మోటారు దించితే నీళ్లొస్తాయా? పంపు తిరుగుతుంది, కరెంటు కాలుతుంది, అంతే.

అమెరికా రైతు మిషన్‌లో తప్పేమీ లేదు. అది వాళ్ల రసానికి సరిపోయే మిషన్. నేను నా రసం తీపి ఎంతో కొలవకుండా వాళ్ల మిషన్ తెచ్చుకున్నాను.

ఇంకో మాట కూడా ఉంది. వాళ్లకి అది తప్పదు. మనకి ఎనిమిది లీటర్ల నీరాకి కిలో బెల్లం వస్తుంది. మన చెట్టు ముందే సగం పని చేసి పెడుతోంది. మరెందుకీ గొడవ అంటారా? కట్టెలండీ. లీటరు నీరు మరిగి ఆవిరవ్వాలంటే 600 కిలో కేలరీల పైన వేడి కావాలి. కిలో ఎండు కట్టెలో 4,000 దాకా ఉంటుంది గానీ, మా పొయ్యి మీద పెనానికి అందేది అందులో ఆరో వంతే. మిగతాది పొగతో, గాలితో పోతుంది. మొత్తానికి లీటరు నీరు ఎగరడానికి కిలో కట్టె. రోజుకి 40 లీటర్ల నీరాకి 35 కిలోల సరుగుడు కట్టె, తాటి మట్టలు. అవి ఏరి తెచ్చేది, మంట ఎగదోసేది, ఆ పొగలో కూర్చునేది మా అత్త. ఆవిడ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

అందుకే మిషన్ ఆలోచన వదల్లేదు, కానీ ఈసారి లెక్కతో మొదలుపెట్టాను.

దసరా తర్వాత మూతబడిన ఒక క్యాన్ల ప్లాంటు సామాను అమ్ముతున్నారని తెలిస్తే వెళ్లి 28,000కి తెచ్చాను. గంటకి 250 లీటర్ల రకం. అందులో మెంబ్రేన్ 4040 సైజు, అంటే 4 అంగుళాల లావు, 40 అంగుళాల పొడవు. దాని పాత పంపు 10 బార్ల దగ్గర ఆగిపోయేది. బారు అంటే పది మీటర్ల బోరు అనుకోండి. పది బార్లంటే వంద మీటర్లు, సరిగ్గా నీరా పట్టు అంత. అంటే మళ్లీ చుక్క రాదు. విశాఖ వెళ్లి 16 బార్లు తోసే ఒకటిన్నర హెచ్.పి. పంపు చూసుకున్నాను. మెంబ్రేన్ పెట్టే గొట్టం 20 బార్ల వరకు తట్టుకునేదని దాని మీదే రాసి ఉంది. ఇది చూడకుండా పంపు మార్చకండి, గొట్టం పగిలితే మనిషికి తగుల్తుంది.

పాత మెంబ్రేన్ పని చేస్తుందా లేదా అన్నది చూసే పద్ధతి సులువు. మంచినీళ్లు పోసి 10 బార్ల దగ్గర పెట్టి, ఇరవై లీటర్ల క్యాను ఎంతసేపట్లో నిండుతుందో చూడాలి. పాతది 11 నిమిషాలు తీసుకుంది. నిమ్మ ఉప్పు నీళ్లు అరగంట తిప్పి కడిగితే 8కి వచ్చింది. లోపల బోరునీటి సున్నం పేరుకుపోయింది. ఇంక దాని మీద ఆశ పెట్టుకోకుండా కొత్తది వేశాను. కొత్తదానితో నాలుగున్నర నిమిషాలు. ఆ అంకె పాక తలుపు మీద సుద్దతో రాసి పెట్టాను. సీజన్లో కడిగిన ప్రతిసారీ మంచినీళ్లతో ఇదే పరీక్ష. ఐదున్నర దాటితే సరిగ్గా కడగలేదని అర్థం, మళ్లీ కడగాలి. మేపుల్ రైతులు కూడా సీజన్‌కి ముందు చేసేది ఇదేనట.

ఇక్కడ ఒక జాగ్రత్త. బ్లీచింగ్ కలిపిన పంచాయతీ కుళాయి నీళ్లు ఈ మెంబ్రేన్‌లోకి పోనివ్వకూడదు. క్లోరిన్ ఆ పొరని తినేస్తుంది. నేను బావినీళ్లు వాడుతున్నాను. కొత్త మెంబ్రేన్ పాడవకుండా మందు పెట్టి అమ్ముతారు, కాబట్టి మొదటి గంట నీళ్లు రెండు వైపులవీ పారబోయాలి.

ఇక పరీక్ష. నిరుటి బుద్ధి వచ్చింది కాబట్టి నీరా జోలికి పోలేదు, అసలు ఇప్పుడు నీరా లేదు కూడా. కొట్లోంచి ఐదున్నర కిలోల పంచదార తెచ్చి 40 లీటర్ల బావినీళ్లలో కలిపాను. బ్రిక్స్ మీటరులో చూస్తే 12. మన నీరా తీపే. మావని పిలిచాను. వస్తాడో రాడో అనుకున్నాను, వచ్చాడు. దూరంగా మంచం మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

వాల్వు మెల్లగా బిగిస్తూ ముల్లు 16కి తెచ్చాను. పది బార్ల దాకా ఏమీ లేదు. పదకొండు దగ్గర నీళ్ల గొట్టం తడిసింది. పదహారుకి ధార వచ్చింది. పెన్సిలంత లావు ధార. ఆ ధార చూసినప్పటి ఆనందం మీకు చెప్పలేను. మొదట బాగా వచ్చింది, పోనుపోను సన్నబడింది. నలభై నిమిషాల్లో 9 లీటర్ల నీళ్లు దిగాయి. డ్రమ్ములో తీపి 12 నుంచి 15 అయింది. ఇంకో ఇరవై నిమిషాలు తిప్పినా పదిహేనున్నర దాటలేదు. అదే దాని గోడ. తీపి పెరిగేకొద్దీ బోరు లోతవుతుంది, నా పంపు అంతకి మించి తొయ్యలేదు. పైగా అదే నీరు తిరిగి తిరిగి పంపు వేడికి 28 డిగ్రీలున్నది 40కి చేరింది. మెంబ్రేన్‌కి 45 దాటితే ప్రమాదం కాబట్టి ఆపేశాను. ఈ ఏడాది డ్రమ్ముని నీళ్ల తొట్టిలో పెట్టి నడపాలి.

మావ లేచి వచ్చాడు. దిగిన నీళ్లు దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాడు. "ఇది నీల్లే." డ్రమ్ములోది వేలితో నాకాడు. "ఇది పానకం." కాసేపు మిషన్ చుట్టూ తిరిగి చూశాడు.

"అయితే కట్టెలు సగం తగ్గుతాయేటి?"

"లేదు మావా. అయిదో వంతు."

"అంతేనా?"

అంతేనండి. మీకూ ఉన్నదున్నట్టు చెబుతున్నాను. రోజుకి 8 లీటర్ల నీరు తక్కువ కాస్తాం, 8 కిలోల కట్టె మిగులుతుంది. కరెంటు ఒక యూనిట్ లోపే. మూడు నెలల సీజన్లో ముప్పావు టన్ను కట్టె మిగులుతుంది, రోజూ గంటసేపు పొగ తగ్గుతుంది. మిషన్ డబ్బులు రెండు మూడేళ్లలో కూడా రావు. లాభం కోసం అయితే కొనకండి. నేను కొన్నది మా అత్త ఆ గంట పొయ్యి దగ్గరనుంచి లేస్తుందని.

అసలు చిక్కు ఇంకోటి ఉంది, అది సున్నం. నీరా పులవకుండా కుండలోపల సున్నం రాస్తాం కదా. ఆ సున్నంతో ఉన్న నీరా మెంబ్రేన్‌లోకి పోతే పాత క్యాన్ల ప్లాంటుకి పట్టిన గతే పడుతుంది, అదీ వారంలో. సున్నం తీసేస్తే నీరా గంటల్లో పులుస్తుంది. నిరుడు నేను పారబోసింది అందుకే, మిషన్‌లో పొయ్యడానికని సున్నం ముందే తీసేసి రెండు గంటలు ఎండలో పెట్టాను. ఈసారి వరస ఇలా పెట్టుకున్నాం: పొద్దుటి నీరా దిగగానే పావుగంట కదపకుండా ఉంచి, పైది వంపి, ఆహారానికి వాడే రకం ఫాస్ఫారిక్ యాసిడ్ చుక్కలుగా వేసి, పీహెచ్ కాగితంతో ఏడున్నర దగ్గర ఆపాలి. సున్నం అడుక్కి దిగుతుంది. గుడ్డలో వడకట్టి, తర్వాత 5 మైక్రాన్ల ఫిల్టరు గుండా మిషన్‌లోకి. మొత్తం గంటన్నర లోపల పెనం మీద ఉండాలి, లేదంటే మిషన్ ఆపేసి ఉన్నదున్నట్టు పెనంలో పొయ్యాలి.

కొబ్బరి నీరాకి కేరళ కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థవాళ్లు ఐసు పెట్టిన పెట్టెలో, సున్నం లేకుండా పట్టే పద్ధతి తెచ్చారు. అది బాగుంటుంది గానీ, అరవై దాటిన మనిషి చేత ఐసు పెట్టెలు మోయిస్తూ పద్నాలుగు తాళ్లు ఎక్కించలేను. మన రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన యూనివర్సిటీ పరిశోధన స్థానం ఉంది, తాటి మీద పని చేస్తారు. నీరా, బెల్లం గురించి ఏమన్నా చెయ్యాలనుకునేవాళ్లు ముందు అక్కడికి వెళ్లి చూసి రండి. నాలాగా వీడియో చూసి స్విచ్ వెయ్యకండి.

చెప్పడం మరిచాను. ఈ ఆర్.ఓ. పొర పుట్టుకలో మనవాడి చెయ్యి ఉంది. ఉప్పునీటిని మంచినీరు చెయ్యడానికి పనికొచ్చే పొరని మొదట తయారుచేసింది అమెరికాలో లాస్ ఏంజెలిస్ యూనివర్సిటీలో ఇద్దరు, 1960 ప్రాంతంలో. ఒకరు సిడ్నీ లోబ్, రెండోవారు భారతదేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్. ఆయన తర్వాత కెనడాలో స్థిరపడి పని చేశారు. మేపుల్ చెట్ల దేశం అది. మనవాడి పొర అక్కడి రసానికి ఉపయోగపడి, తిరిగి మా తాటిచెట్ల కిందకి వచ్చిందన్నమాట.

ఇక మిగతా సిద్ధం. పొయ్యి నోరు చిన్నది చేసి వెనక పొగగొట్టం కట్టించాను, అడుగున ఇనుప జల్లెడ వేయించాను. నిజం చెప్పాలంటే మిషన్ కంటే దీని వల్లే ఎక్కువ కట్టె మిగులుతుందని నా నమ్మకం. దీనికైంది మిషన్ ఖర్చులో పదో వంతు. ఇది ముందే చెయ్యాల్సింది. కుండలు కడిగి ఎండబెట్టాం, పొడి సున్నం తెచ్చాం, బెల్లం పొయ్యడానికి కొబ్బరి చిప్పలు ఏరి పెట్టాం. మావకి కొత్త మోకు. మిషన్ కడగడానికి దాన్నుంచి దిగిన తీపి లేని నీళ్లే దాచి వాడతాం, అంతకంటే మంచి నీళ్లు ఇంకేమున్నాయి. వారానికోసారి నిమ్మ ఉప్పు కడుగు. సీజన్ అయ్యాక నీటికి నూటో వంతు సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి నింపి మూత బిగిస్తే వచ్చే ఏడాదికి మెంబ్రేన్ బతుకుతుంది.

ఆ రోజు పరీక్ష అయ్యాక మావ వెళ్లబోతూ ఆగాడు.

"మరి నీరా ఎప్పుడు పోస్తావు ఇందులో?"

"మొదటి పది రోజులు పొయ్యను మావా. అంతా పెనంలోకే. తర్వాత ఒక్కరోజు, నా వాటాలోంచి ఇరవై లీటర్లు. అది బెల్లమయ్యి నువ్వు తిన్నాకే మిగతాది."

ఆలోచించాడు. బీడీ ముక్క కాలితో నలిపాడు.

"అయితే పర్లేదు. పద్నాలుగూ ఎక్కుతాను."

గీత మొదలయ్యాక, ఆ ఇరవై లీటర్ల సంగతి ఏమైందో, బాగా వచ్చినా పాడైనా, ఇక్కడే రాస్తాను. మీలో ఎవరైనా మిషన్ కట్టాలనుకుంటే ముందు మూడు అంకెలు రాసుకోండి: మీ రసం తీపి ఎంత, మీ పంపు తోపు ఎంత, రసం పులవకుండా ఆగే టైం ఎంత. ఆ మూడూ తెలిశాక కూడా ముందు పంచదార నీళ్లతోనే చూడండి. ఐదున్నర కిలోల పంచదార పోతే కొట్లో మళ్లీ దొరుకుతుంది.

ఉంటాను. సాయంత్రం కుండలకి సున్నం రాయాలి.